ఇంటి పక్క మలేసియా హోటల్లో భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగానికో చదువుకో కౌలాలంపూర్ వచ్చినవాళ్లు, పిల్లల దగ్గర రెండు నెలలు ఉండిపోదామని వచ్చిన తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలివి. టూరిస్టులు తిరిగే జలాన్ అలోర్ లాంటి వీధుల సంగతి ఇందులో లేదు. అద్దెకు దిగిన పేటలో, అపార్ట్‌మెంట్ కింద, స్టేషన్ వెనక ఉండే మామూలు హోటళ్ల గురించే చెప్తున్నాను. మెనూ చూసేముందు ఆ హోటల్ ఎవరిదో చూసుకోండి. ఏ మాంసం ఉంటుంది, ఆర్డర్ ఎవరికి చెప్పాలి, డబ్బు ఎప్పుడు ఇవ్వాలి, ఏ పండక్కి మూసేస్తారు, అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

మా వీధిలోనే నాలుగు హోటళ్లున్నాయి. ఏది ఎవరిదో బయటినుంచి ఎలా తెలుస్తుంది?

బోర్డు కంటే లోపలి ఏర్పాటు చూస్తే త్వరగా తెలుస్తుంది. ఒక పక్కన పొడుగాటి బల్ల మీద ఇరవై ముప్పై ట్రేల్లో కూరలు పెట్టి ఉండి, తలకు తుడుంగ్ అనే గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు వడ్డనలో ఉంటే అది మలయ్‌వాళ్ల (ఇక్కడి స్థానిక ముస్లింల) హోటల్. మధ్యాహ్నం బాగా రద్దీగా ఉంటుంది. మూడింటికల్లా మంచి కూరలు అయిపోతాయి, చాలాచోట్ల సాయంత్రానికి మూసేస్తారు కూడా.

స్టీలు బల్లలు, గోడకు పెద్ద టీవీ, బయట పేవ్‌మెంట్ మీదికి కూడా పరుచుకున్న ప్లాస్టిక్ కుర్చీలు, ముందు పెద్ద ఇనప పెనం ఉంటే అది మామక్. తమిళ ముస్లింలు నడిపే హోటళ్లను అలా అంటారు. వీటిలో చాలావాటికి తలుపులే ఉండవు, ఎందుకంటే 24 గంటలూ తెరిచే ఉంటాయి.

ఒకే హాల్లో చుట్టూ అయిదారు చిన్న బండ్లలాంటి స్టాళ్లు, ఒకటి నూడుల్స్‌ది, ఒకటి చికెన్ రైస్‌ది, ఒకటి చేపల సూపుది, ఇలా ఎవరి పని వాళ్లది అయితే అది చైనీయుల కోపితియం, అంటే కాఫీ హోటల్. ఇక అరిటాకు వేసి అన్నం వడ్డించేది హిందూ తమిళుల హోటల్. గల్లా పెట్టె పైన దేవుడి పటం, దానికి పూలదండ ఉంటాయి కాబట్టి మనవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

మొదటిసారి ఎక్కడికి వెళ్లమంటారు?

మామక్‌కి. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు. తమిళం కొద్దిగా వస్తే చాలాచోట్ల పని జరుగుతుంది, రాకపోయినా ఇంగ్లిష్ ముక్కలతో గడిచిపోతుంది. కారం, పులుపు మన నాలుకకు మరీ కొత్తగా ఉండవు. ఒక టీ పెట్టుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. మలయ్, చైనీస్, ఇండియన్ అని లేకుండా అందరూ ఒకే వరుసలో కూర్చుని తినే చోటు కూడా ఇదే. మలేసియా ఉదయపు ఫలహార సంస్కృతిని యునెస్కో 2024లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. రోటీ చనాయ్ అనే రొట్టె, నాసీ లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, తే తారిక్ అనే నురగ టీ అందులోవే. మొదటి రోజు అందుకోసం స్టార్ హోటల్ బఫేకి వెళ్లక్కర్లేదు, కిందికి దిగితే చాలు.

రోటీ చనాయ్ అంటే మన పరోటాయేనా?

దగ్గరి చుట్టమే కానీ అదే కాదు. మైదా పిండిని నూనెలో నానబెట్టిన ఉండలుగా ఉంచుతారు. ఆర్డర్ చెప్పగానే ఒక ఉండను తీసి, నూనె రాసిన బల్ల మీద చదును చేసి, గాల్లో తిప్పి తిప్పి అవతలి వైపు కనపడేంత పల్చగా చేస్తారు. దాన్ని మడిచి పెనం మీద వేస్తారు. దించాక రెండు అరచేతులతో రెండు పక్కల నుంచి కొడితే పొరలు విడిపోతాయి. పైన కరకర, లోపల మెత్తన. చల్లారితే మాత్రం సాగుతుంది, అందుకే ఫోటోలు తీస్తూ కూర్చోవద్దు.

సాదాది కావాలంటే రోటీ కోసోంగ్ అనండి. గుడ్డు వేసింది రోటీ తెలూర్, ఉల్లిపాయ వేసింది రోటీ బావాంగ్, రెండూ కావాలంటే తెలూర్ బావాంగ్. వనస్పతి దట్టంగా వేసేది రోటీ ప్లాంటా, చక్కెరతో తింటారు, పిల్లలకు బాగా నచ్చుతుంది. రోటీ తీసూ అనేది కాగితమంత పల్చగా, అడుగున్నర ఎత్తు గరాటులా నిలబెట్టి తెచ్చే తీపి రొట్టె. కాస్త ఆర్భాటం ఎక్కువ, కానీ ఒకసారి పిల్లల ముందు పెట్టాల్సిందే. ముర్తబాక్‌లో లోపల మాంసం, గుడ్డు, ఉల్లిపాయ కూరతారు. అది ఒక పూట భోజనానికి సరిపోతుంది.

పక్కన పప్పు, చేపల పులుసో చికెన్ కూర పులుసో, సంబల్ అనే ఎర్రటి మిరప పచ్చడి వస్తాయి. పప్పు ఇంకొంచెం అడిగితే మొహం చిట్లించకుండా పోస్తారు. రొట్టెను ముక్కలు చేసి పైనుంచి పులుసు ముంచెత్తి తెమ్మంటే దాన్ని రోటీ బాంజీర్ అంటారు. పొరల కరకర పోతుంది కాబట్టి నాకు నచ్చదు. ఇక్కడివాళ్లలో దానికోసమే వచ్చేవాళ్లున్నారు.

ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి. ఆ సమయంలో పిండి కొట్టే ఆయన చేయి ఆగదు, రొట్టె పెనం మీంచి నేరుగా మీ ప్లేటులోకి వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి అడిగితే ముందే కాల్చి పేర్చినది వేడి చేసి ఇచ్చే ప్రమాదం ఉంది.

టీ చాలా తియ్యగా ఉంది. మామూలు టీ ఎలా అడగాలి?

అందరికీ మొదటి రోజే వచ్చే ఇబ్బంది ఇది. తే అని ఊరికే అంటే డబ్బా తియ్య పాలు పోసిన టీ వస్తుంది. తే తారిక్ కూడా అదే సరుకు. రెండు మగ్గుల మధ్య ఎత్తు నుంచి పోసి పోసి నురగ తెప్పిస్తారు, అంతే తేడా. చక్కెర వేరే వేయరు కానీ ఆ పాలలోనే కావలసినంత ఉంటుంది. కురాంగ్ మానిస్ అంటే తీపి తగ్గిస్తారు. ఈ రెండు మాటలూ మొదట నేర్చుకోండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకైతే వెంటనే నేర్పండి.

మన ఇంటి టీకి దగ్గరగా కావాలంటే తే సీ కురాంగ్ మానిస్ చెప్పండి. ఇందులో తియ్య పాలకు బదులు తీపి లేని చిక్కటి డబ్బా పాలు, విడిగా కొద్దిగా చక్కెర వేస్తారు. తే సీ కోసోంగ్ అంటే చక్కెరే ఉండదు. తే ఓ అంటే పాలు లేనిది, చక్కెర మాత్రం ఉంటుంది. అల్లం టీకి తే హాలియా అనాలి, జలుబు చేసినప్పుడు చాలా హాయిగా ఉంటుంది. దేనికైనా చివర ఐస్ చేరిస్తే చల్లటిది వస్తుంది. ఎండలో తిరిగి వచ్చినప్పుడు తే ఓ ఐస్ లీమావ్, అంటే నిమ్మకాయ పిండిన చల్లటి డికాక్షన్, దాన్ని మించింది లేదు.

కాఫీకి కూడా ఇవే తోకలు: కోపీ, కోపీ ఓ, కోపీ సీ. గింజలను చక్కెర, వనస్పతితో కలిపి వేయిస్తారు కాబట్టి నల్లగా, కొంచెం మాడు వాసనతో ఉంటుంది. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లు దాన్ని వేరే పానీయం అనుకుని తాగితే నచ్చుతుంది. దానితో పోల్చుకుంటే మాత్రం తగువే. టీ, కాఫీ రెండూ కలిపితే అది చామ్. మైలో (చాక్లెట్ రుచి మాల్ట్ పానీయం) గురించి చెప్పనక్కర్లేదు, ఇక్కడ చిన్నా పెద్దా అందరూ తాగుతారు. గులాబీ రంగులో కనిపించేది సీరప్ బాందూంగ్, గులాబీ సిరప్పు కలిపిన పాలు.

మంచినీళ్లు ఊరికే పెట్టరా?

చాలాచోట్ల పెట్టరు. ఆయర్ సువామ్ అంటే గోరువెచ్చటి నీళ్లు ఇస్తారు, కొద్ది సెన్లు (ఇక్కడి రూపాయి రింగిట్, దాని పైసలు సెన్లు) వేసినా వేస్తారు.

మేం శాకాహారులం. ఈ హోటళ్లలో ఏం తినగలం?

తినగలరు, కానీ కంటికి కనిపించేదాన్ని నమ్మితే కుదరదు. ఇక్కడి శాకాహార సమస్య మాంసం ముక్కతో కాదు, రొయ్యల ముద్దతో. బెలాచాన్ అనే పులియబెట్టిన చిన్న రొయ్యల ముద్ద సంబల్‌లో, ఆకుకూర వేపుళ్లలో, కొన్ని పచ్చళ్లలో కూడా ఉంటుంది. నిగనిగలాడే తోటకూర లాంటి కాంగ్‌కుంగ్ వేపుడు చూసి ఇది ఆకుకూరే కదా అనుకుంటారు, అందులో ముందు వేసేదే బెలాచాన్. నెత్తళ్లు, అంటే ఇకాన్ బిలిస్, ఇంకో దొంగ. చైనీస్ వంటలో ఆయిస్టర్ సాస్, చికెన్ ఉడికించిన నీళ్లు ఉంటాయి. మామక్‌లో సాదా పప్పు ఫరవాలేదు కానీ దాల్చా అంటే అడిగి తీసుకోండి, అందులో చాలాచోట్ల మాంసపు ఎముకలు వేస్తారు. రోటీ తెచ్చేటప్పుడు పప్పు మీద అలవాటుగా ఒక గరిటె చికెన్ పులుసు కూడా పోస్తుంటారు. అందుకే ఆర్డర్ చెప్పేటప్పుడే పప్పు మాత్రమే అని గట్టిగా చెప్పాలి. చట్నీల్లో కొబ్బరిది అడగండి, ఎర్రదాన్ని పక్కన పెట్టమనండి.

వెజిటేరియన్ అన్న మాటకు కొందరు చేప, గుడ్డు ఫరవాలేదేమో అనుకుంటారు. కాబట్టి పేరుపేరునా చెప్పడమే మంచిది: సాయా తాక్ మాకాన్ డాగింగ్, ఆయమ్, ఇకాన్, ఊడాంగ్, తెలూర్. అంటే మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు తినను. చివర బెలాచాన్ కూడా చేర్చండి.

నిశ్చింతగా తినాలంటే రెండు చోట్లున్నాయి. ఒకటి అరిటాకు భోజనం, అందులోనూ బోర్డు మీద శాకాహారం అని రాసినచోట. రెండోది మనవాళ్లు పెద్దగా పట్టించుకోని చైనీస్ శాకాహార హోటళ్లు. బౌద్ధులు నడిపేవి చాలాచోట్ల కనిపిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడనివి చాలానే ఉంటాయి, ఆ నియమం ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. సోయా, గోధుమ బంక, పుట్టగొడుగులతో అచ్చం మాంసంలా కనిపించేవి చేస్తారు. చూసి కంగారు పడకండి. గుడ్డు, పాలు వాడేవాళ్లున్నారు కాబట్టి ఆ మాట మాత్రం అడగండి. చాంద్రమాన నెల మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది చైనీయులు మాంసం ముట్టరు, ఆ రోజుల్లో ఈ హోటళ్లు కిటకిటలాడతాయి.

గొడ్డు మాంసం, పంది మాంసం తినం. పొరపాటు జరగకుండా ఎలా?

డాగింగ్ అని మెనూలో ఉంటే గొడ్డు మాంసం అనే అనుకోండి. ఆ మాటకు ఊరికే మాంసం అని అర్థం ఉన్నా హోటల్లో వాడేది దానికే. మేక, గొర్రె అయితే కంబింగ్ అని విడిగా రాస్తారు. రెండాంగ్ (కొబ్బరిపాలలో ఇగిర్చిన మాంసం కూర), ముర్తబాక్, బర్గర్, సూపు, ఏది చెప్పినా వెనక ఆయమ్ అనో కంబింగ్ అనో తగిలించండి, లేకపోతే వాళ్లకు తోచింది వస్తుంది.

అసలు జాగ్రత్త నాసీ కాండార్ దగ్గర. పెనాంగ్ రాష్ట్రం నుంచి వచ్చిన ఈ భోజనంలో అన్నం మీద మీరు అడిగిన ముక్క పెట్టి, నాలుగైదు కూరల పులుసులు కలిపి పోస్తారు. దాన్ని కువా చాంపూర్ అంటారు. రుచంతా ఆ కలపడంలోనే ఉందని అభిమానులు చెప్తారు, నిజమే. కానీ ఆ నాలుగు పులుసుల్లో ఒకటి గొడ్డు మాంసం కూరది కావచ్చు. మీరు చికెనే తీసుకున్నా పులుసు రూపంలో అది మీ ప్లేటులోకి వచ్చేస్తుంది. కువా ఆయమ్ సాజా అనండి, అంటే చికెన్ పులుసు మాత్రమే. గరిటె ఎత్తక ముందే అనాలి. వాళ్ల చేతి వేగం మామూలుది కాదు.

పంది మాంసం మలయ్, మామక్ హోటళ్లలో అసలు ఉండదు. ఉండేది చైనీస్ స్టాళ్లలో. ముక్కలుగా కనిపిస్తే గుర్తుపట్టవచ్చు, కొవ్వుగా ఉంటేనే కష్టం. చార్ క్వే తియౌ అనే వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌ను చాలా స్టాళ్లలో పంది కొవ్వుతో వేయిస్తారు. కౌలాలంపూర్ తరహా హొక్కియెన్ మీ అనే నల్లటి నూడుల్స్‌లో ఆ కొవ్వును కరకరలాడే ముక్కలుగా పైన చల్లుతారు. క్లాంగ్ ఊరి పేరుమీద చెప్పుకునే బాక్ కుత్ తే పంది ఎముకల కషాయం సూపు. ఇవేవీ వద్దనుకుంటే కోపితియంలో చేపల సూపు స్టాల్ ఏది ఉందో చూసుకోండి, లేదా ఊరుకుని కాఫీ, కాయా టోస్ట్ తీసుకోండి. కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెరతో చేసే కాయా రాసిన బ్రెడ్డు అది. పక్కన సగం ఉడికిన గుడ్లు వస్తాయి, వాటి మీద సోయా సాస్, మిరియాల పొడి వేసుకుంటారు. మనవాళ్లలో కొందరు ఆ జారుడు గుడ్డు చూసి వెనక్కి నెట్టేస్తారు.

మేం ముస్లింలం, హలాల్ అని ఎలా నమ్మాలి?

ప్రభుత్వ ఇస్లామిక్ వ్యవహారాల శాఖ జాకిమ్ ఇచ్చే హలాల్ గుర్తు గోడమీద ఉందేమో చూడండి. చిన్న మలయ్, మామక్ హోటళ్లు చాలావాటికి ఆ పత్రం ఉండదు, నడిపేవాళ్లు ముస్లింలే కాబట్టి జనం నమ్మి తింటారు. నో పోర్క్ నో లార్డ్ అని రాసి ఉంటే అది హలాల్ అని చెప్పినట్టు కాదు. పంది లేదన్నారు, కోడిని ఎలా కోశారో చెప్పలేదు. మద్యం కూడా అమ్ముతూ ఉండవచ్చు.

నాసీ లెమాక్ అందరూ పొగుడుతుంటారు. అంత గొప్పగా ఉంటుందా?

అన్నం మీద ఆధారపడి ఉంటుంది. కొబ్బరిపాలు, పాండాన్ ఆకు వేసి వండిన అన్నం, పక్కన సంబల్, వేయించిన నెత్తళ్లు, వేరుశెనగ గింజలు, దోసకాయ ముక్కలు, గుడ్డు. ఇంతే సరుకు. మన కొబ్బరన్నంలా పోపు ఉండదు, వాసన అంతా ఆ ఆకుదే. సంబల్ చూడటానికి గుంటూరు కారంలా ఎర్రగా ఉన్నా నోట్లో పెట్టుకుంటే ముందు తీపి తగులుతుంది, తర్వాతే కారం. మనవాళ్లలో చాలామంది ఇక్కడే నిరాశపడతారు.

ఫ్రైడ్ చికెన్‌తో పెద్ద ప్లేటులో వచ్చేదానికంటే ఉదయం బల్లలు వేసుకుని అరిటాకులో పొట్లం కట్టి అమ్మే చిన్నది కొనండి. అన్నం గుప్పెడే ఉంటుంది కానీ ఆకు వేడికి వచ్చే వాసన ప్లేటులో రాదు. కడుపు నిండకపోతే ఇంకో పొట్లం తీసుకోవడమే.

కారం సరిపోవడం లేదు. ఏం చేయాలి?

చీలీ పాడీ అడగండి. చిన్న పచ్చిమిరపకాయలు తరిగి సోయా సాస్‌లో వేసి ఇస్తారు. మీ నోరు మూయించడానికి అది చాలు.

కోపితియంలో ఎవరికి ఆర్డర్ చెప్పాలో తెలియక నిలబడిపోయాను.

ముందు బల్ల పట్టుకోండి, దాని మీద నంబరుంటే గుర్తుపెట్టుకోండి. తర్వాత కావలసిన స్టాల్ దగ్గరికి వెళ్లి చెప్పి, బల్ల నంబరు చెప్పి వచ్చేయండి. ఒకరు నూడుల్స్ ఒక స్టాల్లో, ఇంకొకరు చికెన్ రైస్ మరో స్టాల్లో చెప్పవచ్చు. ఎవరిది వాళ్లు తెచ్చి ఇచ్చి అప్పుడే డబ్బు తీసుకుంటారు, కాబట్టి చిల్లర చేతిలో ఉంచుకోండి. పానీయాలు మాత్రం హాలు యజమానివి. ఆయన మనిషి మీ దగ్గరికే వచ్చి అడుగుతాడు. స్టాళ్లవాళ్లు ఆయనకు అద్దె కడతారు, ఆయన సొంత రాబడి ముఖ్యంగా ఆ టీ కాఫీల మీదే. అందుకే ఏమీ తాగకుండా కూర్చుంటే కొన్నిచోట్ల మనిషికి ఇంత అని వేస్తారు. బయటి నీళ్ల సీసా బల్ల మీద పెట్టకండి.

ట్రేల్లోంచి మనమే వడ్డించుకుంటే ధర ఎలా లెక్కేస్తారు?

చూపుతోనే. నాసీ చాంపూర్ హోటల్లో ప్లేటు నిండా వేసుకుని వెళ్తే గల్లా దగ్గర ఉన్నామె ఒక్కసారి చూసి ఒక అంకె చెప్తుంది. కూరగాయలు, గుడ్డు చవక. చికెన్ మధ్యరకం. పెద్ద రొయ్యలు, కనవ (స్క్విడ్), చేప తలకాయ దగ్గరే బిల్లు ఒక్కసారిగా ఎగురుతుంది. ధర రాయనిదాన్ని వేసుకునేముందు బెరాపా (ఎంత) అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. నాసీ కాండార్ హోటళ్ల మీద ఇక్కడివాళ్లకే ఈ విషయంలో ఫిర్యాదులుంటాయి, మీకు ఎక్కువ వేశారని అనిపిస్తే అది మీరు విదేశీయులు కావడం వల్లే కాకపోవచ్చు.

మిగతా ధరలు ఒక అందాజుకు: సాదా రోటీ, మామూలు టీ ఒక్కొక్కటి పేట హోటల్లో రెండు రింగిట్ల దరిదాపుల్లో ఉంటాయి. మాల్‌లో అదే రోటీకి రెట్టింపు అడుగుతారు.

టిప్పు ఇవ్వాలా? బిల్లులో పన్నులేంటి?

టిప్పు అలవాటు ఇక్కడ లేదు. బల్ల మీద వదిలేసి వెళ్తే మర్చిపోయారనుకుని పిలిచి ఇస్తారు. పెద్ద రెస్టారెంట్లు 10 శాతం సర్వీస్ చార్జ్ వేస్తాయి, అది వాళ్ల సొంతం. 6 శాతం సర్వీస్ టాక్స్ ప్రభుత్వానిది. 2024 మార్చిలో మిగతా సేవలు చాలావాటికి దాన్ని 8 శాతం చేసినా తిండికి 6 శాతమే ఉంచారు. ఏడాదికి 15 లక్షల రింగిట్లు దాటిన వ్యాపారాలకే ఈ పన్ను వర్తిస్తుంది కాబట్టి వీధి చివర హోటల్లో సాధారణంగా ఏదీ ఉండదు. మొత్తాన్ని అయిదు సెన్లకు సరిచేస్తారు, 2008 నుంచి ఒక సెన్ నాణెం లెక్కలో లేదు.

మామక్‌లో తినడం అయ్యాక చెయ్యెత్తి కీరా (లెక్క చూడండి) అంటే మనిషి వచ్చి ఖాళీ ప్లేట్లు, గ్లాసులు చూసి చీటీ రాస్తాడు, గల్లా దగ్గర కట్టాలి. ఫోన్‌తో కట్టే క్యూఆర్ కోడ్ ఎక్కడ చూసినా ఉంది, కానీ అది ఎక్కువగా ఇక్కడి బ్యాంకు ఖాతా, వాలెట్ ఉన్నవాళ్లకు. కొత్తగా వచ్చినవాళ్లు చిన్న నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

పనివాళ్లను ఎలా పిలవాలి?

ఏయ్ అని, చిటికె వేసి పిలవకండి. మామక్‌లో బాస్ అంటే ఎవరైనా తిరుగుతారు, గిన్నెలు కడిగే కుర్రాడు కూడా బాసే. తమిళులైతే అణ్ణే. మలయ్ హోటల్లో మగవాళ్లను బాంగ్ అని, ఆడవాళ్లను కాక్ అని పిలుస్తారు, అన్నా, అక్కా అన్నట్టు. కోపితియంలో పెద్దవాళ్లు అంకుల్, ఆంటీ. ఈ పిలుపుతో అన్నం గరిటె కొంచెం నిండుగా వస్తుందని నా నమ్మకం.

తెలుగువాళ్ల హోటళ్లున్నాయా? తెలుగు మాట్లాడేవాళ్లు తగులుతారా?

ఆంధ్రా, హైదరాబాద్ వంటల పేరుతో నడిచే హోటళ్లు కౌలాలంపూర్‌లో ఉన్నాయి. అరిటాకు భోజనానికి మాత్రం అందరూ బ్రిక్‌ఫీల్డ్స్ పేట వైపే చెప్తారు. అయితే ఇక్కడి ఇండియన్ హోటల్ అంటే ప్రధానంగా తమిళ వంట. దోసెను తోసై అని రాస్తారు, ఇడియాప్పం పుతూ మాయమ్ అయి కొబ్బరి, తాటి బెల్లంతో వస్తుంది. గోంగూర కోసం వెతికి విసిగిపోకండి.

తెలుగువాళ్లు ఈ దేశానికి కొత్త కాదు. బ్రిటిష్ పాలనలో రబ్బరు, కొబ్బరి తోటల పనికి వచ్చిన కుటుంబాలు పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ డాతూ లాంటి చోట్ల స్థిరపడ్డాయి. నాలుగైదు తరాల తర్వాత కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. బయట తమిళమో మలయో మాట్లాడుతుంటారు కాబట్టి గుర్తుపట్టలేం. మీరు బల్ల దగ్గర తెలుగులో పోట్లాడుకుంటుంటే పక్క బల్ల నుంచి మీది ఏ ఊరండీ అని వినిపించవచ్చు, గొంతు తగ్గించుకోవడం మంచిది.

అరిటాకు భోజనంలో పద్ధతులేమైనా ఉన్నాయా?

అన్నం, కూరగాయలు, అప్పడం, రసం మారు వడ్డిస్తారు, వాటికి విడిగా లెక్క ఉండదు. మాంసం కూరలకు మాత్రం వేరే డబ్బు. తిన్నాక ఆకును మీ వైపుకు మడవాలి, అవతలికి మడిస్తే చావింటి భోజనానికి చేసినట్టని ఇక్కడ పట్టింపు. చేత్తో తినడం అన్నిచోట్లా మామూలే, కుడి చేత్తో. గోడవారన చేతులు కడిగే సింకు ఉంటుంది. చెంచా అడిగితే ఫోర్కుతో కలిపి ఇస్తారు. ఫోర్కు ఎడమ చేతిలో పట్టుకుని అన్నాన్ని చెంచాలోకి తోస్తారు.

రంజాన్ నెలలో హోటళ్లు ఉంటాయా?

మలయ్ హోటళ్లు పగలు దాదాపు మూసే ఉంటాయి. చైనీస్, హిందూ హోటళ్లు మామూలే. మామక్‌లు చాలావరకు తెరుస్తాయి, ముస్లిమేతరులు కూర్చుని తినవచ్చు. ముస్లింలు పగటిపూట బహిరంగంగా తింటే ఇక్కడి షరియా చట్టాల కింద జరిమానా పడుతుంది, హైదరాబాద్ నుంచి వచ్చే ముస్లిం మిత్రులు ఇది గమనించాలి.

మిగిలిన పదకొండు నెలల్లో దొరకనంత తిండి ఆ నెలలో మధ్యాహ్నం తర్వాత రోడ్ల మీద దొరుకుతుంది. రంజాన్ బజార్లలో సాతే (పుల్లలకు గుచ్చి కాల్చిన మాంసం), రకరకాల పిండివంటలు, కొబ్బరిపాల తీపి వస్తువులు వరసగా పెడతారు. హడావుడిగా ఏడింటికి వెళ్తే సరుకు అయిపోతుంది, అయిదుకు వెళ్లండి. ఉపవాసం విడిచే సమయం ఏడున్నరకు కాస్త అటూ ఇటూ. ఆ అరగంటలో హోటల్లో బల్ల దొరకదు, దొరికినా వంటవాళ్లు కూడా అప్పుడే తింటుంటారు. ఎనిమిదిన్నరకు వెళ్తే మీకూ వాళ్లకూ సుఖం. రంజాన్ పండగ రోజుల్లో మలయ్ హోటళ్లు, చైనీస్ కొత్త సంవత్సరానికి కోపితియంలు వారం దాకా మూసేస్తాయి.

శుభ్రత సంగతి?

గోడకు అతికించిన ఏ, బీ, సీ గ్రేడు చూడండి, స్థానిక మునిసిపాలిటీ ఇస్తుంది. వంట, వడ్డన చేసేవాళ్లు టైఫాయిడ్ టీకా వేయించుకోవాలన్నది నిబంధన. అంతకంటే నమ్మకమైన గుర్తు జనం. రద్దీ ఉన్నచోట కూర వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ట్రేలో చల్లబడిన రొయ్యల కూరను రాత్రి పదింటికి తీసుకోకండి, ఎంత మంచి గ్రేడు ఉన్నా.

వేరుశెనగ, రొయ్య, పీత పడనివాళ్లు మాత్రం ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. సాతే పక్కన ఇచ్చే సాసే వేరుశెనగ, బెలాచాన్ గురించి పైన చెప్పాను. ఒకే పెనం మీద అన్నీ వేయిస్తారు, విడి పెనం అడిగినా ఉండదు.

అర్ధరాత్రి కుటుంబంతో వెళ్లవచ్చా?

నిశ్చింతగా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రాత్రి ఒంటిగంటకు కూడా కుర్చీ దొరకదు, కేకలు వినిపిస్తుంటాయి, అంతే. 2019 జనవరి నుంచి హోటళ్లలో పొగతాగడం నిషేధం, మూడు మీటర్ల అవతలికి వెళ్లాలి. బయటి బల్లల దగ్గర కొందరు ఇంకా ముట్టిస్తుంటారు, పిల్లలుంటే లోపల కూర్చోండి. మామక్‌లో, మలయ్ హోటల్లో మద్యం ఉండదు, బయటినుంచి తీసుకెళ్లకూడదు కూడా.

పార్సిల్ ఎలా కడతారు?

తాపావ్ అనండి, బుంగ్‌కుస్ అన్నా సరే. అన్నం మైనం కాగితంలో గోపురంలా కడతారు, పులుసు ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు బిగిస్తారు. టీ కూడా సంచిలోనే, మూతి పక్కన ముడేసి స్ట్రా గుచ్చి ఇస్తారు, వేలికి తగిలించుకుని నడుస్తూ తాగడానికి. వేడి టీకి అది నాకు నచ్చదు, ఇంటినుంచి ఫ్లాస్కు తీసుకెళ్తే అందులోనే పోస్తారు. కొబ్బరిపాలు వేసిన కూరలు ఈ ఉక్కలో త్వరగా పులుస్తాయి. మధ్యాహ్నం తెచ్చినది బల్ల మీద ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి తినేయండి, మర్నాటికి ఉంచకండి.